జానెడెత్తున ఇరవై ఏడో నంబరు

శాసనసభ భవనం రెండో అంతస్తులో బిల్లుల సెక్షన్ ఉంది. అందులో కిటికీ పక్క బల్ల సాపుగారిది. హాజరు పట్టీలో ఆయనకో అసలు పేరు ఉండే ఉంటుంది గానీ, ఇరవై ఆరేళ్ళుగా ఆఫీసులో ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. మంత్రుల ఆఫీసుల నుంచి కొట్టివేతలతో, బాణం గుర్తులతో, టీ మరకలతో వచ్చే చిత్తు బిల్లుల్ని గుండ్రటి అక్షరాలతో సాపు రాసి అచ్చుకి పంపడం ఆయన పని. అందుకే సాపుగారు.

రాసినదాన్ని ఆయన మూడుసార్లు సరిచూసేవారు. ఒకసారి కంటితో, ఒకసారి వేలు పెట్టి, మూడోసారి చివరి మాట నుంచి మొదటి మాటకి, వెనక్కి. "ముందు నుంచి చదివితే అర్థం చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందండీ, తప్పు కనపడనివ్వదు. వెనకనుంచి చదివి చూడండి, మాటలన్నీ విడివిడిగా నిలబడతాయి, దొంగ దొరికిపోతాడు" అనేవారు. ఆ పద్ధతి పుణ్యమా అని ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతి మీదుగా ఒక్క తప్పు కూడా పోలేదు. ఆ సంగతి ఆయన మర్చిపోయేవారు కాదు, ఇంకొకర్ని మర్చిపోనిచ్చేవారూ కాదు.

ఆఫీసుతో సరిపెట్టుకుంటే బాగానే ఉండేది. దుకాణాల బోర్డులు, డాక్టరుగారి చీటీలు, సమాధుల మీద రాతలు, ఏవి కనపడితే అవి దిద్దేసేవారు. మూడేళ్ళ కిందట మేనకోడలి పెళ్ళికార్డు చేతికొచ్చింది. అక్క ఇంటినిండా వియ్యాలవారు. వాళ్ళందరి ముందూ ఈయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, రెండు తప్పులకి సున్నాలు చుట్టి, కార్డు అక్క చేతికిచ్చారు.

"చదివావా?" అని అడిగింది అక్క.

"చదవకుండా ఎలా దిద్దుతాను?" అన్నారు ఈయన, దర్జాగా.

అక్క ముఖం కందగడ్డ అయిపోయింది. కార్డు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ మాటల్లేవు. అమ్మానాన్నా పోయాక కుట్టుమిషను తొక్కి, వేళ్ళకి సూదులు గుచ్చుకుని, ఈయన్ని ఇంతవాణ్ణి చేసిన అక్క. ఆమె ఉండేది దర్జీల సందులో ఇరవై ఏడో నంబరు ఇంట్లో. ఈయన అద్దెగదికీ ఆఫీసుకీ మధ్య దగ్గర దారి ఆ సందే. అయినా మూడేళ్ళుగా రోజూ చుట్టూ తిరిగే వెళ్తున్నారు. ప్రతి పొద్దునా సందు మొదట్లోకి రాగానే కాళ్ళు కాస్త నెమ్మదించేవి. అంతలోనే ఈయన పంతం గుర్తుతెచ్చుకుని పక్కకి తిరిగిపోయేవారు.

ఆ సోమవారం సభలో రోడ్డు వెడల్పు బిల్లు మొదటిసారి చదివారు. తీసెయ్యాల్సిన నలభై ఒక్క కట్టడాల జాబితా దాని చివర అనుబంధంగా ఉంది. మామూలుగానే, చదవడం పూర్తికాగానే ఆ ఇళ్ళు నేల మీంచి జానెడెత్తు లేచాయి. ఏ బిల్లుకైనా అంతే. మొదటి చదువుకి జానెడు లేస్తుంది. రెండో చదువులో, ఒక్కొక్క అంశం మీదా చర్చ జరిగి ఓటింగు అయ్యాక, నిలువెత్తు. మూడో చదువులో సభ ఒప్పుకుంటే ఇక పైకి, మబ్బుల్లోకి, మళ్ళీ కనపడదు. సభ కాదంటే నెమ్మదిగా దిగి ఎప్పటిచోట కూర్చుంటుంది. కిందటేడు వీధికుక్కల బిల్లు పెట్టినప్పుడు ఊళ్ళో కుక్కలన్నీ రెండు నెలలు జానెడెత్తున నడిచాయి. బిల్లు వీగిపోయాక దిగాయి గానీ, కొన్నిటికి కొన్నాళ్ళు నడక తడబడింది.

మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని సాపుగారు డాబా మీదికి వెళ్ళారు. తను రాసిన జాబితా గాల్లోకి లేస్తే చూసుకోవడం ఆయనకో సరదా. పెద్ద రోడ్డు పొడుగునా ఇళ్ళు మెల్లగా ఊగుతున్నాయి. గడపల ముందు జనం పీటలు, ఇటుకలు వేసుకుంటున్నారు. ఒకావిడ పూలకుండీలకి నీళ్ళు పోస్తుంటే ఆ నీళ్ళు ఇంటి కింద నుంచి అటువైపుకి పారుతున్నాయి. ఈయన ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ నలభై దాకా వచ్చారు. నలభై ఒకటోది దర్జీల సందు చివర మూతపడ్డ పాత గోదాము. చూస్తే గోదాము నేలకి అంటుకునే ఉంది. దాని వెనక, సందు మధ్యలో, ఆకుపచ్చ తలుపున్న ఇల్లొకటి ఊగుతోంది. దండెం మీద ఆరేసిన బట్టలు దానితోపాటు ఊగుతున్నాయి.

సాపుగారికి టీ ఒలికి చొక్కా మీద పడ్డా తెలియలేదు. మెట్లు రెండేసి చొప్పున దిగి, అచ్చు ప్రతి లాగి చూశారు. 'దర్జీల సందు, ముప్పై ఆరు' అని ఉండాల్సిన చోట 'దర్జీల సందు, ఇరవై ఏడు' అని ఉంది. తన చేతిరాతలోనూ అంతే. మూడుసార్లు చూశారు కదా! వెనక్కి కూడా చూశారు కదా! కానీ ఆ వీధి పక్కన ఆ అంకె కంటికి ఎంత అలవాటంటే, అది తప్పులా కనపడనే లేదు. సొంత చుట్టం ఇంట్లోకి వస్తే ఎవరు నువ్వని అడుగుతామా?

సెక్షన్ సూపరింటెండెంటు మెత్తటి మనిషి. ఈయన చొక్కా మీది టీ మరక చూసి ఆవిడే కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"మేడమ్, కొంప మునిగింది" అన్నారు సాపుగారు.

ఆవిడ కిటికీలోంచి చూసింది. "మునగలేదండీ, తేలుతోంది. ఎవరి ఇల్లు?"

"మా అక్కది. ఒక్క అంకె, మేడమ్. ఒక్క అంకె కొట్టేసి దిద్దేస్తాను. ఎవరికీ తెలియదు."

"పొద్దున్న తొమ్మిదింటికి చెప్పుంటే నేనే దిద్దేదాన్ని. పదకొండింటికి సభ ముందు పెట్టారు. ఇప్పుడది మీదీ కాదు, నాదీ కాదు, తెచ్చిన మంత్రిగారిదీ కాదు. సభది. అందులో చుక్క కదపాలన్నా సభే కదపాలి."

"స్పీకరుగారితో చెప్తే?"

"ఆయన సభని నడిపిస్తారు. సభ బదులు ఆయన ఆలోచించరు. దానికొక్కటే దారి. ఎవరైనా మెంబరు లేచి సవరణ పెట్టాలి. కారణం రాసి సంతకం చెయ్యాలి. సభ విని ఓటెయ్యాలి. రెండో చదువు గురువారం." ఆవిడ గొంతు తగ్గించింది. "కారణం అంటే నిజమైన కారణం, సాపుగారూ."

నిజమైన కారణం అంటే ఏమిటో ఆయనకి తెలుసు. ఇరవై ఆరేళ్ళ పరువు అచ్చులో, రెండు వందల మంది చేతుల్లో.

ఆ సాయంత్రం, మూడేళ్ళలో మొదటిసారి, దర్జీల సందులోకి నడిచారు. అక్క గడప దగ్గర ఇటుకల మెట్టొకటి పేర్చుకుని, మిషను ముందు కూర్చుని ఉంది. ఇల్లు తేలిగ్గా ఉండటం వల్ల తొక్కినప్పుడల్లా గది మొత్తం కొంచెం ముందుకీ వెనక్కీ పోతోంది. ఇంటి తాళంచెవి ఆమె మెడలో తాడుకి ఉంది. అది కిందికి వేలాడకుండా చెవి దగ్గర గాల్లో నిలబడి ఉంది.

ఈయన వీధిలోనే నిలబడ్డారు. అక్క తలెత్తలేదు. మిషనుతో మాట్లాడింది.

"ఎవరో పెద్దమనిషి వచ్చినట్టున్నాడు. మన బోర్డులో తప్పులున్నాయేమో."

"అక్కా..."

"ఇల్లు పోతోందట అని చూడ్డానికొచ్చాడేమో. పోతే పోయింది. రోడ్డు కావాలిగా జనానికి. పోయినేడు చివరింట్లో మంటలు లేస్తే ఫైరింజను సందులోకి రాలేకపోయింది. సభలో అంతమంది పెద్దలు కూర్చుని ఆలోచించే రాసుంటారు. ఊరికే రాస్తారా?"

పక్కనే సగం సర్దిన ట్రంకు పెట్టె ఉంది. అందులో కత్తెర్లు, టేపులు, దారపు ఉండలు వరసగా పేర్చి ఉన్నాయి. మిషను మాత్రం ఎక్కడికి తీసుకెళ్తుంది? ఎక్కడ పెట్టుకుని కుడుతుంది? ఆలోచించి రాయలేదక్కా, నేను రాశాను, అనాలనుకున్నారు సాపుగారు. కానీ వచ్చిన దారినే వెళ్ళిపోయారు. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నారు.

ఆ వాడ మెంబరు మంత్రసానమ్మ. వాడలో సగం మందికి పురుడు పోసింది కాబట్టి నిలబడమన్నారు, నిలబడింది, గెలిచింది. ఏడేళ్ళయింది. చివరి వరసలో కూర్చుని, ఆనాటి కార్యక్రమాల కాగితంతో విసురుకుంటూ, ఓటు వేళకి అవుననో కాదనో అనడం తప్ప సభలో నోరు మెదిపింది లేదు. మర్నాడు క్యాంటీనులో సాపుగారు ఆవిడ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశారు. చెప్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీకేం నాయనా, కాగితం మీద తప్పు. నేను లేచి మాట్లాడితే నోరంతా తప్పే" అంది ఆవిడ. "అక్కడ కింద కూర్చుని ప్రతి మాటా రాసుకుంటారు చూశావా, వాళ్ళని చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి."

"ఉపన్యాసం నేను రాసిస్తానమ్మా. మీరు చదివితే చాలు."

"మరి కారణం? నీ పేరు పోతుందే."

సాపుగారు సవరణ కాగితం ముందుకి తోశారు. అప్పటికే రాసేశారు. 'ఈ అనుబంధాన్ని సాపు రాసిన ఉద్యోగి తన పొరపాటు వల్ల దర్జీల సందు ఇరవై ఏడో నంబరును చేర్చినందున, దాన్ని తొలగించాలి.' ఆ ఒక్క వాక్యానికి నాలుగు కాగితాలు చింపారు. మంత్రసానమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టింది.

గురువారం సభ నిండుగా ఉంది. సాపుగారు అధికారుల బెంచీ మీద, నోరు విప్పే హక్కు లేని చోట కూర్చున్నారు. పైన సందర్శకుల గ్యాలరీలో, మొదటి వరసలో, అక్క. ఇల్లు ఎలా పోతుందో వినడానికి వచ్చింది. మెడలో తాళంచెవి గాల్లో నిలబడి ఉంటే గ్యాలరీ కాపలామనిషి, "అమ్మా, అది లోపల పెట్టుకోండి, వెనకవాళ్ళకి అడ్డం" అని మందలించింది.

మంత్రి లేచి రోడ్డు ఎందుకు కావాలో చెప్పారు. ఫైరింజను సంగతీ చెప్పారు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. తర్వాత స్పీకరుగారు సవరణ చదివారు. 'సాపు రాసిన ఉద్యోగి తన పొరపాటు వల్ల' అన్న మాటలు ఆయన నోట్లోంచి రాగానే, సాపుగారు బెంచీ మీంచి జానెడెత్తు లేచారు. బిల్లులోకి ఎక్కాక తప్పుతుందా? పక్కనున్న సూపరింటెండెంటు ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది. పైన అక్క కమ్మీ మీదికి వంగి చూసింది. ఈయన సిగ్గుతో తల దించుకున్నారు. దించుకున్నా అందరికంటే ఎత్తునే ఉన్నారు.

మంత్రసానమ్మ లేచింది. కళ్ళజోడు పెట్టుకుని సాపుగారు రాసిచ్చిన ఉపన్యాసం తెరిచింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"అధ్యక్షా, ఇది సాపుగారు రాశారు. శుభ్రంగా రాశారు. నాకే నోరు తిరగట్లేదు. నా మాటల్లో చెప్పుకోవచ్చా?"

"సభ వింటోంది, చెప్పండమ్మా" అన్నారు స్పీకరు.

"ఆ ఇంటి వీధి కిటికీకి గడియ లేదు. గుడ్డ పేలికతో కడతారు. వెనక గదిలో ఒకచోట గచ్చు లేచిపోయి ఉంటుంది. వేన్నీళ్ళ బిందె పెట్టి నేను లాగితే లేచిన గచ్చు అది. ఆ రోజు ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. ఇప్పటికీ అక్కడో మిషనుంది, దాని మీద మా వాడ పిల్లలందరి బడి చొక్కాలూ కుడతారు. ఇంతే నాకు తెలిసింది. ఆ ఇల్లు పొరపాటున వచ్చింది, తీసెయ్యండి." ఆవిడ కూర్చోబోయి, మళ్ళీ లేచింది. "ఎలాగూ లేచాను కాబట్టి ఇంకో మాట. మిగతా నలభై ఇళ్ళలో పన్నెండింటికి నేను పురుడు పోయడానికి వెళ్ళాను. తక్కినవి నేనూ చూడలేదు. ఇక్కడ రెండు వందల మందిమి ఉన్నాం. వీటిలో ఒక్క గడపైనా తొక్కినవాళ్ళు ఎంతమందో చేతులెత్తండి."

"అమ్మా, చేతులెత్తమనే అధికారం నాది."

"అయితే మీరే ఎత్తించండి, అధ్యక్షా."

సభలో నవ్వులు లేచాయి. స్పీకరుగారూ నవ్వాపుకుంటూ, ఎత్తండి అన్నారు. ఒక్క చెయ్యి లేచింది, ఆవిడదే. కాసేపటికి మూలనుంచి ఇంకో చెయ్యి. ఆయన చిన్నప్పుడు వాటిలో ఒక ఇంట్లో అద్దెకున్నాడట. ఇంకెవరూ లేరు. నవ్వులు ఆగిపోయాయి. మంత్రి తన చేతులకేసి చూసుకున్నారు.

"రోడ్డు వద్దనట్లేదు బాబూ" అంది మంత్రసానమ్మ, మంత్రి వైపు తిరిగి. "పురుటికి పిలిస్తే నేను ముందు మనిషిని చూస్తాను, తర్వాతే చెయ్యి వేస్తాను. చూసి వద్దాం అంటున్నాను, అంతే."

సవరణ మీద మూజువాణి ఓటు తీసుకున్నారు. అవునన్న గొంతులు కాదన్నవాటిని ముంచేశాయి. సవరణ నెగ్గింది అని స్పీకరు అనగానే, పైన గ్యాలరీలో అక్క మెడలోని తాళంచెవి టప్పున కిందపడి గుండెకి కొట్టుకుంది. ఆమె దాన్ని గుప్పిట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. మిగతా బిల్లుని ఒక కమిటీకి అప్పగించారు. నలభై ఇళ్ళలోకీ వెళ్ళి, కూర్చుని, విని రావాలి. కమిటీకి దారి చూపించే పని మంత్రసానమ్మదే.

సాపుగారు మాత్రం దిగలేదు.

"సవరణలో మీరున్నారు, సవరణ బిల్లులో కలిసింది" అంది సూపరింటెండెంటు, జాలిగా. "బిల్లు తేలేదాకా మీరూ తేలాల్సిందే."

మొదటి రెండు రోజులూ ఆయన అవస్థ పగవాడికి కూడా వద్దు. పడుకుంటే మంచానికీ వీపుకీ మధ్య జానెడు ఖాళీ. వీధిలో గాలి వీస్తే నాలుగిళ్ళు వెనక్కి. అన్నిటికంటే ఘోరం, పెన్ను ఒత్తితే తనే వెనక్కి తేలిపోతున్నారు. అక్షరం కాగితానికి అంటడం లేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి సాపుగారి బల్ల మీద చిత్తు ప్రతులు పేరుకుపోయాయి. 'తప్పు చేసినవాడు' అని ఎవరూ అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ బాధగా ఉంది.

శనివారం సాయంత్రం దర్జీల సందులోకి తిరిగారు. గోడలు పట్టుకుంటూ, కిటికీ చువ్వలు పట్టుకుంటూ, ఎలాగో ఇరవై ఏడో నంబరు ముందుకి చేరారు. ఇల్లు నేల మీద గట్టిగా కూర్చుని ఉంది. ఇటుకల మెట్టు తీసేసి పక్కన పేర్చి ఉంది. లోపల మిషను నడుస్తోంది.

"అక్కా" అన్నారు గుమ్మం బయట గాల్లో నిలబడి. "ఆ జాబితా ఎవరూ ఆలోచించి రాయలేదు. నేను రాశాను. రోజూ ఈ సందు మొదట్లో ఆగి, లోపలికి రాకుండా వెళ్ళిపోయేవాణ్ణి. మనసంతా ఇక్కడే ఉండేది. చెయ్యి అదే రాసేసింది. నీ ఇల్లు నేనే పోగొట్టేవాణ్ణి. నాదే తప్పు."

మిషను ఆగింది. అక్క మిషనుతోనే అంది: "చెప్పులు బయట విప్పి రమ్మను."

సాపుగారు చెప్పులు విప్పారు. అవి గాల్లోనే ఉండిపోయాయి, ఆయన వాటిని కిటికీ చువ్వకి తగిలించారు. గడప దాటి అడుగు పెట్టారో లేదో, కాలు దబ్బున నేలకి తగిలింది. మోకాళ్ళు వంగి కూలబడబోయి గోడ పట్టుకున్నారు. చల్లటి గచ్చు, అరికాళ్ళ కింద గరుగ్గా. ఇరవై ఏడో నంబరుని సభ బిల్లులోంచి తీసేసింది కదా. ఆ బిల్లు బలం గడప ఇవతలకి రాదు. ఊరు మొత్తం మీద ఆయనకి నేల అందే చోటు ఇదొక్కటే.

"ఎన్నాళ్ళట?" అంది అక్క, ఈసారి తమ్ముడి ముఖంలోకి చూసి.

"కమిటీ అంటే... ఆర్నెల్లు. ఏడాది కూడా పట్టొచ్చు."

"కిటికీ పక్క బల్ల నీదే. నువ్వు చదువుకున్నదే. దాని మీది బట్టలు తీసెయ్యి."

బల్ల మీద కుట్టి మడతపెట్టిన బడి చొక్కాల దొంతర ఉంది. ఒక్కొక్కటే తీస్తుంటే అడుగున ఒక కార్డు కనపడింది. రెండు ఎర్ర సున్నాలు. మూడేళ్ళకి కాస్త వెలిశాయి. అలవాటు ప్రకారం సాపుగారి చూపు చివరి మాట మీదికి పోయింది.

"వెనకనుంచి కాదురా" అంది అక్క మెల్లగా. "ఒక్కసారి ముందు నుంచి చదువు."

ఆయన చదివారు. పైన, పెళ్ళికూతురు పేరు కంటే ముందు, అక్క పేరు కంటే ముందు, పెద్దక్షరాల్లో ఒక వాక్యం ఉంది. తండ్రి లేని పిల్ల పెళ్ళికి పిలుస్తున్నది తల్లి కాదు. 'నాకు తండ్రి తర్వాత తండ్రి అయిన నా తమ్ముడు, ఈ ఇంటికి పెద్ద, మిమ్మల్నందరినీ పిలుస్తున్నాడు.' కింద ఆయన పేరు ఉంది, ఇరవై ఆరేళ్ళుగా ఆఫీసులో ఎవరూ పిలవని అసలు పేరు. దాని పక్కనే తను చుట్టిన ఎర్ర సున్నా.

సాపుగారు కార్డుని రెండు చేతులా పట్టుకుని గచ్చు మీద కూర్చుండిపోయారు. కూర్చుని, మొదటి నుంచి మళ్ళీ చదివారు. మూడోసారీ చదివారు. అక్క ఆయన్ని అసలు పేరుతో పిలిచి, దీపం పెట్టమంటావా, కనపడుతోందా అని అడిగింది.

"కనపడుతోందక్కా" అన్నారు ఆయన.